తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?

(ఖాజాగూడలో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చుట్టూ ఇన్ని సాఫ్ట్‌వేర్ కంపెనీలున్న ఖాజాగూడలో సోషియాలజీ చదువుకున్న నేను వెబ్‌సైట్ భద్రత గురించి మాట్లాడడం వింతగా అనిపించవచ్చు. ఇది ఇంజనీర్లకు వదిలేసే విషయం కాదని చెప్పడానికే వచ్చాను.

2025 నవంబర్‌లో తెలంగాణ హైకోర్టు వెబ్‌సైట్‌లో ఉత్తర్వుల ప్రతుల కోసం లింకు నొక్కినవాళ్ళకు ఆన్‌లైన్ జూదం సైటు తెరుచుకుంది. ఆ నెలలోనే సైబరాబాద్, రాచకొండ పోలీసు కమిషనరేట్ల సైట్లకూ అదే గతి పట్టింది. ఆన్‌లైన్ జూదాన్ని 2017లోనే నిషేధించిన రాష్ట్రం మనది!

జూదం వ్యాపారులకు కోర్టు సైటుతో ఏం పని? జనానికి, సెర్చ్ ఇంజన్లకు దానిమీదున్న నమ్మకమే వాళ్ళకు కావాలి. మన సంఘాల సైట్లమీద కూడా అలాంటి నమ్మకమే ఉంది. భర్త కొడుతున్నాడని, అతను లేని పది నిమిషాల్లో ఫోను తీసి మన పేజీలో సహాయం కోసం లింకు నొక్కే స్త్రీని ఊహించండి. అక్కడ బెట్టింగ్ ప్రకటన కనిపిస్తే ఆమె మళ్ళీ ప్రయత్నిస్తుందా? హెల్ప్‌లైన్ నంబరే మార్చేసి ఉంటే ఆమె గోడు ఎవరి చెవిన పడుతుంది?

ఇక మన సంగతి. సైటు ఎవరో తెలిసిన అబ్బాయి చేసిపెడతాడు. పాస్‌వర్డ్ అతని దగ్గరే, డొమైన్ అతని పేరుమీదే. అతను వెళ్ళిపోయాక పాత సాఫ్ట్‌వేర్ అలాగే పడి ఉంటుంది. దొంగలు దూరేది ఆ కంతలోంచే. గడువు దాటిన డొమైన్‌నైతే ఎవరైనా కొనుక్కోవచ్చు. ఇల్లు మనది, పట్టా వేరొకరిది! ఆస్తి హక్కు గురించి ఇన్నేళ్ళుగా మాట్లాడుతున్న మనకు ఇది కొత్త పాఠమా?

చేయవలసినవి కష్టమైనవి కావు. డొమైన్ సంస్థ పేరుమీద ఉండాలి. తాళంచెవులు కనీసం ఇద్దరు కార్యకర్తల దగ్గర, ఓటీపీ వంటి రెండో తాళంతో సహా ఉండాలి. సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయాలి, వాడనివి తీసేయాలి. సైటు నకలు వేరేచోట దాచాలి. వారానికోసారి లాగిన్ కాని ఫోనులో, సెర్చ్ ద్వారా వచ్చి ప్రతి లింకూ నొక్కి చూడాలి. నిర్వాహకులకు సవ్యంగా కనబడుతూ, బయటినుంచి వచ్చేవాళ్ళను మాత్రమే దారి మళ్ళించే మోసం మామూలే.

అయినా జరిగితే? సిగ్గుపడి చెరిపేయకండి. స్క్రీన్‌షాట్లు, సర్వర్ లాగ్‌లు భద్రపరిచి, సైటు ఆపి, పాస్‌వర్డ్‌లన్నీ మార్చి, సైబర్ క్రైమ్ పోలీసులకు ఫిర్యాదు చేయండి. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలుశిక్ష ఉంది. మనమీద ఆధారపడిన స్త్రీలకు జరిగింది దాచకుండా చెప్పండి. తప్పు చేసినవాడు తలెత్తుకు తిరుగుతుంటే నష్టపోయినవాళ్ళు తలదించుకోవడమనే అలవాటును ఇంట్లో, వీధిలో ప్రశ్నించాం. ఇక్కడా ప్రశ్నిద్దాం.

ఇవాళ ఇళ్ళకు వెళ్ళాక ఒక్క పని చేయండి: మీ సంస్థ డొమైన్ ఎవరి పేరుమీద ఉందో అడగండి.