జొన్నచేని లెక్క



శ్రీనాథునివని లోకము చెప్పుకొను చాటువులలో పలనాటి జొన్నకూడు పరిహాసమునకు గురియైనది. సన్నబియ్యమునకు అలవడిన నాలుకకు అది సహజమే. కాని మెట్టసీమ రైతు జొన్నను నమ్ముకొన్నది రుచి కొఱకు మాత్రమే కాదు. వానను నమ్మరాదు గనుక.

ఈ పైరునకు ఓర్పు పుట్టుకతో వచ్చినది. వేళ్లు గుబురుగా వ్యాపించి లోతునకు దిగును. ఆకులమీది మైనపు పూత తడిని త్వరగా పోనీయదు. బెట్ట తగిలినపుడు ఆకులు చుట్టుకొని పెరుగుదల ఆగును. వాన పడినచో పైరు మరల తేరుకొనును. నల్లరేగడిలో ఉత్తర, హస్త కార్తెలలో గొర్రుతో విత్తిన జొన్నకు నేల దాచుకొన్న తేమయే ముఖ్యాధారము. అందుచేత విత్తుటకు ముందు గుంటకయు, పైరు సాళ్లలో దంతెయు తోలి, కలుపు తీసి, నెరియలు పూడ్చవలెను. కలుపు త్రాగిన నీరు కంకికి దక్కదు.

జొన్నచేనికి రెండు రాబడులు గలవు: ఒకటి గింజ, రెండవది చొప్ప. బస్తాలు మాత్రమే లెక్కించినచో పద్దు పూర్తికాదు. 1876-78 నాటి ధాత కరవులో కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలలో మనుష్యులతోపాటు పశువులును విశేషముగా నశించినవి. ఎద్దులు పోయిన యింట వాన కురిసినను అరక కదలలేదు.

1964లో సి.యస్.హెచ్.-1 అను సంకరజొన్న విడుదలయ్యెను. అది పొట్టిది, త్వరగా పండునది, గింజ హెచ్చుగా నిచ్చునది. కాని చొప్ప తక్కువ. వానలలోనే కంకి పండినచో గింజకు బూజు పట్టును. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిదప పేదల కంచములలోను వరియన్నమే హెచ్చినది. తరువాత కర్నూలు రేగళ్లలో పెక్కుచోట్ల శనగ జొన్న స్థానమును ఆక్రమించినది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించుటచే పట్టణములలో జొన్నరొట్టెకు గౌరవము పెరిగినది. ఆ గౌరవ మొక్కటే చేనిని నిలుపజాలదు.

నేడు దుక్కిపని ట్రాక్టరు చేయుచున్నను పాడిపశువునకు మేత కావలయును. మేత కొని తెచ్చు ఇంట పాలసొమ్ము చాలవరకు మేతకే పోవును. అయితే ఒక జాగ్రత్త మరువరాదు. బెట్టకు గిడసబారిన లేతజొన్నలోను, కోసిన మోళ్లనుండి లేచిన పిలకలలోను నాము అను విషముండును. పూతకు ముందు జొన్నపైరు పశువులకు మేపరాదు.

కావున రైతుసోదరులు ఏ పైరు వేయవలెనో నిర్ణయించునపుడు గింజ ధరను, చొప్ప విలువను, వాన తప్పిన యేటి నష్టమును ఒక్క కాగితముమీద వ్రాసి చూడవలెను. అట్లు చూచినవారు మెట్టలో కొంత భాగమైనను జొన్నకు విడుతురు.

స్వస్తి.