కరువు సీమ నుంచి రెండు నవలలు

ఈమధ్య చదివిన రెండు తెలుగు నవలల గురించి ముచ్చటిస్తాను. రెండూ రాయలసీమవే. రెండూ ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) నవలల పోటీలో బహుమతి పొందినవే.

మొదటిది సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి 'కొండపొలం'. 2019లో బహుమతి వచ్చింది. 2021లో సినిమాగానూ వచ్చింది. ఊళ్లో గడ్డీ నీళ్లూ కరువైతే గొర్రెల కాపరులు మందల్ని తోలుకుని నల్లమల అడవికొండలు ఎక్కుతారు. ఇంజనీరింగు చదివి ఉద్యోగం దొరకని రవి, తండ్రి వెంట బయలుదేరతాడు. నీటిమడుగు దగ్గర మంద తాగుతుంటే కాపరి చూపు పొదల మీదే ఉంటుంది, పులి భయం అలాంటిది. అడవి చూస్తుండగానే ఆ కుర్రాడిలో ధైర్యం మొలకెత్తే తీరు నన్ను కట్టిపడేసింది. రవి మార్పు కాస్త సాఫీగా సాగిందనిపించినా, కాపరుల మాట, పని, భయం అచ్చంగా ఉన్నాయి.

రెండోది బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి'. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకుంది. 18వ శతాబ్దపు అనంతపురం సీమ కథ ఇది. రాజుల కన్నా అణగారిన కులాల బతుకులే ఇందులో ముందు నిలుస్తాయి. పాత్రలు ఎక్కువ కాబట్టి నిదానంగా చదవాలి.

విజయవాడ భవానీపురంలో కృష్ణ ఒడ్డున ఉండే మనకు కరువు వార్తగానే తెలుసు. ఈ నవలలు దాన్ని మనుషుల కథగా చెబుతాయి. యాసకు జంకకండి, కొన్ని పేజీలకే అలవాటవుతుంది. ముందు 'కొండపొలం'తో మొదలుపెట్టండి. ఇంట్లో పిల్లలకూ చదివి వినిపించండి.