రోజుకొక మాత్ర
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నీ వృత్తిలోంచి మాకు పనికొచ్చే మాట ఏదైనా చెప్పు అని సంఘం వారు అడిగారు. నేను క్యాన్సర్ వైద్యుణ్ని. మనలో చాలామందికి అరవై దాటాయి కాబట్టి ఊపిరితిత్తుల క్యాన్సర్ గురించీ, దానికి వచ్చిన నోటి మాత్రల గురించీ చెబుతాను.

ఈ జబ్బు బీడీ, సిగరెట్ తాగేవాళ్లకే వస్తుందనుకుంటాం. పొగ పెద్ద కారణమే, సందేహం లేదు. కానీ జన్మలో బీడీ ముట్టనివాళ్లకూ, ముఖ్యంగా ఆడవాళ్లకూ వస్తోంది. ఇలాంటివారిలో చాలామందికి కణంలోని ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉంటుంది. కణాన్ని పెరగమని చెప్పే స్విచ్చు అది. పని అయ్యాక ఆగిపోవాలి. మార్పు వస్తే ఆగదు, కణాలు పెరుగుతూనే పోతాయి. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్, ఓసిమెర్టినిబ్ అనే మాత్రలు ఆ స్విచ్చునే పట్టి ఆపుతాయి. ఇంట్లోనే రోజుకొకటి మింగితే చాలు.

అయితే మాత్ర కంటే ముందు పరీక్ష జరగాలి. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే అడినోకార్సినోమా రకంలో, మన దేశంలో ఇంచుమించు నలుగురిలో ఒకరికి ఈ మార్పు ఉంటుంది. లేనివాళ్లకు ఈ మాత్రతో డబ్బూ పోతుంది, కాలమూ పోతుంది. గడ్డ నుంచి తీసిన ముక్కతోనో, అది చాలకపోతే రక్తంతోనో ఈ పరీక్ష చేస్తారు.

మన వైపు పెద్ద చిక్కు ఇంకొకటుంది. ఎక్స్‌రేలో మచ్చ కనబడగానే క్షయ అనుకోవడం. పలమనేరు వైపు నుంచి ఒకామె వచ్చింది. కళ్లెలో క్షయ క్రిమి ఒక్కసారీ కనబడలేదు, అయినా ఆర్నెల్లు క్షయ మందులు మింగింది. మా దగ్గరికి వచ్చేసరికి జబ్బు ఎముకలకు పాకింది. పరీక్షలో ఈజీఎఫ్ఆర్ మార్పు తేలింది. మాత్ర మొదలుపెట్టిన నెలకు ఆయాసం తగ్గి, తన పని తాను చేసుకుంది. ఆ ఆర్నెల్లు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

ఉన్నదున్నట్టు చెప్పాలి. పాకిన జబ్బును ఈ మాత్ర పూర్తిగా నయం చేయదు, అదుపులో పెడుతుంది. ఫ్లోరా అనే పరీక్షలో పాత మాత్రలతో సగటున 10 నెలలు, ఓసిమెర్టినిబ్‌తో దాదాపు 19 నెలలు జబ్బు ముదరకుండా ఆగింది. మనవరాలి పెళ్లి చూడాలనుకునే మనిషికి ఆ తేడా చిన్నది కాదు.

ఇక ధర. జెఫిటినిబ్ పేటెంటును మన హైదరాబాదు నాట్కో సంస్థ ఎదిరించింది. 2007లో పేటెంటు కార్యాలయం ఆ దరఖాస్తును తోసిపుచ్చింది. అందువల్ల దేశీయ కంపెనీల మాత్రలు చవకగా దొరికాయి. ఓసిమెర్టినిబ్ ఇంకా ఖరీదే. 2024లో కేంద్రం దాని మీద కస్టమ్స్ సుంకం ఎత్తేసింది, జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి దించింది.

ఒకప్పుడు మనవాళ్లు మద్రాసుకో వేలూరుకో పరుగెత్తేవారు. ఇప్పుడు తిరుపతిలోనే స్విమ్స్ ఉంది. తి.తి.దే. ఇచ్చిన స్థలంలో టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి 2022 మేలో మొదలైంది.

చివరగా మూడు మాటలు. మూడు వారాలు దాటిన దగ్గును, కళ్లెలో రక్తాన్ని ఉపేక్షించకండి. క్షయ అన్నారంటే కళ్లె పరీక్షలో ఏం తేలిందో అడగండి. మాత్ర వాడుతుంటే ఒంటి మీద పొక్కులో, విరేచనాలో వచ్చాయని మీ అంతట మీరు ఆపేయకండి, డాక్టరుకు చెప్పండి. గ్యాస్ మాత్రలూ అడగకుండా వేసుకోవద్దు. వాటితో జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ ఒంటికి సరిగా పట్టవు.

అడిగి తెలుసుకోవడం ఈ బడే మనకు నేర్పింది. డాక్టరు ముందు కూర్చున్నప్పుడూ ఆ అలవాటు మానకండి. సెలవు.