చిగుళ్ళ హెచ్చరిక



పళ్ళు తోముకొనునప్పుడు చిగుళ్ళనుండి నెత్తురు కన్పించినచో మనలో పెక్కుమంది భయపడి ఆ చోట తోముట మానివేయుదురు. ఇది పొరపాటు. చిగురంచున పేరుకొనిన పాచియే సాధారణముగా ఆ నెత్తురునకు కారణము. మానిన కొలది అది పెరుగును. ఉదయమునను, రాత్రి పరుండబోవు ముందును మెత్తని బ్రష్షుతోగాని, చివర బాగుగా నమలిన వేపపుల్లతోగాని 2 నిమిషములు నెమ్మదిగా తోముకొనుడు. బొగ్గుపొడి, ఇటుకపొడి పళ్ళను అరగదీయును, వానిని విడువుడు.

చుట్ట త్రాగువారి చిగుళ్ళు అంతగా నెత్తురు కార్చవు. అది ఆరోగ్యము కాదు. పొగాకు రోగమును కప్పిపుచ్చుచున్నది. మధుమేహము గలవారు మరింత జాగరూకులై యుండవలెను.

రెండు వారములకును నెత్తురు ఆగనిచో దంతవైద్యుని చూడుడు. ఈ గ్రంథాలయమున విన్న మాట రేపు ఉదయమున మీ పెరటి నూతికడ ఆచరణకు వచ్చిన, నా శ్రమ ఫలించినట్లే.