స్వేచ్ఛగా వినిపించే పాట వెనుక
(వజ్రోత్సవ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)



మన సంగీత తరగతి గురించి నా వద్దకు రెండు రకాల విన్నపాలు వస్తుంటాయి. "ఇంకా ఎన్నాళ్లండీ ఈ సరళీ వరుసలు? పిల్లవాడు సొంతంగా ఏదో వాయిస్తున్నాడు, వాయించనివ్వండి" అని కొందరు తల్లిదండ్రులు అంటారు. పునాది పడకముందే ఇష్టం వచ్చినట్లు ఊదనిస్తే చేయి చెడిపోతుందని మరికొందరి భయం. మన సంగీతం మాట ఎత్తితే ప్రతివారికీ ముందే ఒక పక్షం ఉంటుంది. కనుక మనకెవరికీ పక్షం లేని జపాను వెదురు వేణువు, షకుహాచిని గురించి నేడు మాట్లాడదలచాను.

షకు అన్నది జపాను కొలతలో దాదాపు మన అడుగు. ఒక షకు, దానిపై పదింట ఎనిమిది పాళ్లు, అనగా సుమారు 54 సెంటీమీటర్ల పొడవే ఆ పేరుకు మూలం. వెదురు మొదలును వేరుతో సహా తీసి దీనిని చేస్తారు. మన పిల్లనగ్రోవివలె అడ్డంగా కాక నిలువుగా పట్టి, వాలుగా చెక్కిన పై అంచుపై ఊదుతారు. ముందు నాలుగు, వెనుక ఒకటి, మొత్తం ఐదే రంధ్రాలు. ఫుకే శాఖకు చెందిన బౌద్ధ భిక్షువులు ముఖం కనబడకుండా బుట్టవంటి టోపీ ధరించి, ధ్యానంగా దీనిని ఊదుతూ సంచరించేవారు. 1871లో ప్రభుత్వం ఆ శాఖను రద్దు చేసినా, వారి రచనలు గురుపరంపరల ద్వారా నిలిచాయి. వాటిని హొన్‌క్యోకు అంటారు. 18వ శతాబ్దిలో కురొసావా కిన్‌కో సమకూర్చిన 36 రచనలు నేటికీ ఒక సంప్రదాయానికి ఆధారం.

హొన్‌క్యోకును తొలిసారి విన్నవారెవరైనా అప్పటికప్పుడు పుట్టిన పాట అనుకుంటారు. తాళం లేదు. ఒక ఊపిరి ఎంతవరకో ఒక వాక్యం అంతవరకు; ఆపై నిశ్శబ్దం. కాని అది ఆశువు కాదు. ఏ స్వరం ఎక్కడ వణకాలో, ఎక్కడ సన్నగిల్లాలో గురువు ఎదుట కూర్చుని, ఆయనతో కలిసి ఊది నేర్చుకున్నదే. రో, త్సు, రే, చి అంటూ అక్షరాలతో వ్రాసిన స్వరలిపి ఉన్నది గాని, అది వ్రేళ్లకు దారి చూపినంతగా ఊపిరికి చూపదు.

అయితే గురువు లేకుండా ఊదుకుంటే వచ్చే నష్టమేమిటి? ఇక్కడ ఆ వాద్యం నిర్మాణమే జవాబు చెబుతుంది. రంధ్రాలను పూర్తిగా మూసి, తెరిచి ఊదితే వచ్చే ఐదు స్వరాలు ఇంచుమించు మన శుద్ధ ధన్యాసి స్వరాలు. వాటిని ఏ వరుసలో ఊదినా చెవికి ఇంపుగానే ఉంటుంది. కనుక ఒంటరి అభ్యాసకుడు ఆ ఐదింటి మధ్యనే తిరుగుతూ, తాను స్వేచ్ఛగా వాయిస్తున్నాననుకుంటాడు. వాటి నడుమనున్న స్వరాలకు రంధ్రాన్ని సగం మూయాలి, గడ్డం వంచి స్వరాన్ని దించాలి. దీనిని మెరి అంటారు. క్రొత్తవారి మెరి చాలినంత దిగదు. దిగలేదని వారి చెవికే తెలియదు. ఆ లోటును పట్టి ఇచ్చేది ఎదుట కూర్చున్న మరొక చెవి.

గురువు ఇవ్వలేనిదీ ఒకటున్నది. మొదటి రోజున షకుహాచి చాలామందికి పలకనే పలకదు. పెదవికి, అంచుకు మధ్య సందు ఎంత ఉండాలో ఎవరి ముఖానికి వారే వెదుక్కోవాలి. అంటే ఎంత సంప్రదాయబద్ధమైన శిక్షణలోనైనా సొంత అన్వేషణ తొలి రోజుననే మొదలవుతుంది. అంతేకాదు, ఒకే పేరు గల రచన వేర్వేరు పరంపరలలో వేర్వేరుగా వినబడుతుంది. ఎవరో ఎప్పుడో మార్చకుండా అది సాధ్యమా? సంప్రదాయం చెక్కుచెదరలేదని చెప్పేవారు ఈ సంగతిని దాటవేస్తారు.

వతజుమి దోసో లోపల పూత లేని మోటు వెదురును ఊదాడు. పాత రచనలను తనకు తోచినట్లు మలిచాడు. చిత్రమేమంటే, ఆయన మలిచినవే నేడు శిష్యులు శ్రద్ధగా వల్లించే పాఠాలు! ఆయన వద్దను, అంతకుముందు తండ్రి వద్దను నేర్చిన యొకొయామా కత్సుయా 1967లో న్యూయార్కులో తకెమిత్సు రచన 'నవంబర్ స్టెప్స్' తొలి ప్రదర్శనలో వాయించాడు. అందులో బివా వీణకు, షకుహాచికి మాత్రమే కేటాయించిన ఘట్టంలో చాలాభాగం వాద్యకారుల నిర్ణయానికే వదిలారు. 1964లో అమెరికా క్లారినెట్ విద్వాంసుడు టోనీ స్కాట్‌తో కూడి ఆశువుగా రికార్డు చేసిన యమమోటో హోజాన్ కూడా సంప్రదాయ శిక్షణలో పెరిగినవాడే. స్వేచ్ఛ ఇచ్చినప్పుడు వీరికి ఐదు కాదు, ఎన్నో స్వరాలు చేతికి అందాయి.

కనుక సరళీ వరుసలను తగ్గించమన్న కోరికను నేను అంగీకరించలేను. పిల్లలను ఎన్నడూ సొంతంగా వాయించనీయని పద్ధతినీ అంగీకరించలేను. మా సంగీతోపాధ్యాయులతో ఆలోచించి, పీరియడు చివరి పది నిమిషాలు పిల్లలకే వదలాలని నిశ్చయించాము. ఆ పది నిమిషాలలో ఎవరూ తప్పు దిద్దరు. మరునాటి తరగతిలో మాత్రం, నిన్న ఏ స్వరాన్ని తప్పించుకుని తిరిగావని ఉపాధ్యాయులు అడుగుతారు. ఆ పది నిమిషాలు వినదలచిన తల్లిదండ్రులు వెనుక బల్లపై కూర్చోవచ్చును. శబ్దం కొంచెం ఎక్కువగానే ఉంటుంది, సహించాలి.