పింఛను వచ్చాక శాంతమ్మగారి పాఠాలు



అరవై దాటిన ఆడమనిషి వంటింట్లోకి అడుగు పెడితే చాలు, “మీరు కూర్చోండి అత్తయ్యగారూ, మేం చూసుకుంటాంగా” అంటాం. ఆ మాటలో గౌరవం ఉంది. ఇంక మీతో పనిలేదన్న అర్థమూ ఉంది. ఆ రెండోదానికి ఒప్పుకోని ఒకావిడ గురించి ఈవేళ చెప్పుకుందాం. ఆవిడ ప్రొఫెసర్ చిలుకూరి శాంతమ్మగారు.

1929 మార్చి 8న మచిలీపట్నంలో పుట్టారు. అయిదునెలల పసిపిల్లగా ఉండగానే తండ్రి పోతే మేనమామ పెంచారు. ఆడపిల్లకు సంతకం పెట్టడం వస్తే చాలనుకునే ఆ రోజుల్లో విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీలో ఇంటర్మీడియేట్ చదివారు. 1945లో ఫిజిక్సులో మహారాజా విక్రమదేవ వర్మగారి బంగారు పతకం అందుకున్నారు. ఆపైన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆనర్సు, డి.ఎస్సీ. పట్టా, 1956లో అక్కడే లెక్చరరు ఉద్యోగం.

ఆవిడ పరిశోధన మైక్రోవేవ్ స్పెక్ట్రోస్కోపీలో. పేరు విని బెదిరిపోకండి. రేడియో ముల్లు తిప్పుతూ ఉంటే ఒక్కచోట మనకు కావలసిన స్టేషను పలుకుతుంది కదా! అణువులూ అంతే. ఎన్ని తరంగాలు వచ్చి తగిలినా, తమకు సరిపడేవాటినే పుచ్చుకుంటాయి. ఏయే తరంగాలు పుచ్చుకున్నాయో చూసి ఆ అణువు ఆకారం ఎలాంటిదో లెక్క కట్టవచ్చు. ఇదంతా నడిచేది గణితం మీదే.

1989లో అరవయ్యేళ్ళకు పదవీ విరమణ చేశారు. ఊరుకున్నారా? మరో ఆరేళ్ళు గౌరవ అధ్యాపకురాలిగా అక్కడే పాఠాలు చెప్పారు. ఆ తర్వాత విజయనగరం సెంచూరియన్ విశ్వవిద్యాలయంలో చేరారు. విశాఖలో ఇల్లు, విజయనగరంలో పాఠం. మధ్యన అరవై కిలోమీటర్ల పైచిలుకు దారి. ఎండాకాలంలో ఆనందపురం, తగరపువలస మీదుగా వెళ్ళొచ్చినవాళ్ళకు ఆ ప్రయాణం సంగతి నేను చెప్పనక్కర్లేదు. రెండు మోకాళ్ళకూ ఆపరేషను జరిగింది. చంకలో కర్రల ఊతంతో క్లాసులోకి నడిచి వెళ్ళేవారు. 2022లో పత్రికలవాళ్ళు పలకరించేనాటికి ఆవిడకు తొంభైమూడు! రోజుకు ఆరు క్లాసులైనా చెప్పగలనన్నారట.

అందరూ ఆ వయసు చూసి ఆశ్చర్యపోయారు. నాకు మాత్రం ఆవిడ వెళ్ళిన దిక్కు నచ్చింది. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పిల్లలు పెద్ద చదువంటే పెట్టె సర్దుకుని విశాఖ బస్సెక్కడమే అలవాటు. ఆడపిల్లయితే “అంత దూరం ఎందుకులే” అని అక్కడితో ఆపేసిన ఇళ్ళు ఎన్ని లేవు! విశాఖలో ముప్ఫయ్యేళ్ళకు పైగా చెప్పిన పాఠాన్ని ఈ ప్రొఫెసరుగారు తానే మోసుకుని ఇటు వచ్చారు. పిల్లలు అటు పోవలసిన దూరాన్ని ఆవిడ ఎదురు నడిచారు.

మరో సంగతి. మనం గోడకు మేకు కొట్టనివ్వం, ఇల్లంటే అంత ప్రాణం. శాంతమ్మగారు తన ఇంటిని వైద్యసేవకోసం వివేకానంద మెడికల్ ట్రస్టుకు రాసి ఇచ్చేశారు. అందరూ అలా ఇవ్వాలని నేననను. పిల్లలూ బాధ్యతలూ ఉన్నవాళ్ళకు అది కుదిరే పనీ కాదు. ఇచ్చాక ఆవిడ అద్దె ఇంట్లో ఉన్నారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పాఠాలు సిద్ధం చేసుకుని, ఆ అద్దె ఇంటినుంచే విజయనగరం బయల్దేరేవారు.