చౌక పిస్తోలు

మా విడవలూరు ప్రాంతమున రాత్రివేళ రొయ్యల గుంటలకును, కోతకు వచ్చిన పైరులకును కాపుండు యువకులకు, కొద్ది సొమ్మునకు దొరకు నాటు పిస్తోలుపై నాశ పుట్టవచ్చును. అట్టి యాయుధము దొంగకంటె యజమానునకే యేల భయంకరమో విన్నవించెదను.

తూటాలోని మందు మండగానే గొట్టములో నత్యధికమైన యొత్తిడి పుట్టును. దాని నోర్చుటకు దృఢమైన యుక్కును, తూటాకు సరిగా నమరిన గూడును వలయును. ఇంగ్లండులోని బర్మింగుహాములో 1813వ సంవత్సరముననే పరీక్షాలయ మేర్పడెను. అచట మితిమించిన మందుతో గొట్టమును కాల్చి చూచి, నిలిచినదానికే ముద్ర వేయుదురు. దొంగచాటుగా నీళ్లగొట్టముతో చేసిన పిస్తోలునకు పరీక్ష యెక్కడిది? తూటా వదులైనచో వెనుకకు మంట చిమ్మును. అతుకు విచ్చినచో వ్రేళ్లు పోవును. సూది మెత్తనిదైనచో వలసినపుడు పేలదు. లోని కొక్కి యరిగినచో క్రింద పడినంతనే పేలును. ఒక్కొక్కప్పుడు మీట నొక్కిన కొంత తడవునకు పేలుటయు గలదు. పేలలేదని గొట్టములోనికి తొంగిచూచుట ప్రాణాంతకము.

మంచి రివాల్వరు పేదవాడు కొనలేడు గదా యందురేమో. కాపలాకు వెలుతురును, కుక్కయు, తోడు మనిషియు మేలు. 1959 నాటి ఆయుధముల చట్టము ననుసరించి లైసెన్సు లేక తుపాకి యుంచుకొనుట నేరము. దొంగచాటుగా తయారుచేయువానికి 2019 సవరణచే కనీసము 7 సంవత్సరముల చెఱ.

అట్టి వస్తువు మీ యింట కనబడినచో విప్పి చూడకుడు, పేల్చి చూడకుడు, ఠాణాకు తెలుపుడు. నేను చిరకాలము బడిపిల్లల చేతులకు అక్షరములు దిద్దబెట్టినవాడను. ఆ చేతులు నిండు వ్రేళ్లతో నుండవలెనని నా కోరిక.